లక్ష కోట్లలో తరుగెంత?

"ఏరా, లక్ష కోట్లు పెట్టి కొన్నావు. ఏడు వేల కోట్లు ఏమయ్యాయి?"

నాన్నగారు ఈ ప్రశ్న వేసేసరికి రాత్రి పదకొండయింది. మర్నాడు నెవార్క్‌లో ఆయన విమానం. ఆరునెలలు మాతో న్యూజెర్సీలో గడిపి రాజమండ్రి వెళుతున్నారు. ఆయన వెంట మా పాత క్యామ్‌కార్డర్ టేపులన్నీ హార్డ్‌డిస్క్‌లో వేసి పంపాలని మేం ముందే అనుకున్నాం. 2001 నుంచి 2009 దాకా తీసిన గంట టేపులు, మొత్తం 80. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాక 966 జీబీ అయ్యాయి. దుకాణానికి వెళ్లి ఒక టెరాబైట్ డిస్క్ తెచ్చాం. వెయ్యి జీబీలో 966 పట్టవా? ఇంకా చోటు మిగులుతుందనుకున్నాం.

డిస్క్ తగిలించి చూస్తే ఖాళీ డిస్కే 931 జీబీ అంది. 77 టేపులు ఎక్కాయి. మూడు ఎక్కలేదు. తారీఖుల వరసలో కాపీ చేస్తున్నాం కాబట్టి ఆగిపోయినవి 2009వి. అమ్మ చివరిసారి మా దగ్గరికి వచ్చినప్పటివి.

దుకాణంవాడు మోసం చేశాడన్నాం మేము. నాన్నగారు ఒప్పుకోలేదు. ట్రెజరీలో ముప్పయ్యేళ్లు లెక్కలు చూసిన మనిషి. "బంగారం కొట్లో తరుగు తీసినట్టు తీశాడేమో, ముందు కాగితం తీసుకురా" అన్నారు. ఈలోగా మా అబ్బాయి ఆ డిస్క్‌ని తన మ్యాక్‌కి తగిలించి, "తాతయ్యా, నా దాంట్లో ఒక టీబీ అనే ఉంది" అన్నాడు. డిస్క్ ఒకటే, కంప్యూటర్లు రెండు, లెక్కలు రెండు!

అసలు సంగతి ఇదీ. ఉంది, లేదు అని చెప్పే ఒకే ఒక్క గుర్తు బిట్. అలాంటివి ఎనిమిది కలిస్తే బైట్. అక్కడి నుంచి పైకి లెక్కపెట్టడంలోనే రెండు దారులు. డిస్క్ చేసేవాళ్లు కిలోగ్రాము, కిలోమీటరు లాగే వెయ్యితో హెచ్చిస్తారు. వెయ్యి బైట్లు కిలోబైట్, పది లక్షలు మెగాబైట్, వంద కోట్లు గిగాబైట్, లక్ష కోట్లు టెరాబైట్. (మన లెక్కలో ఎంత హాయిగా ఉందో చూడండి! మిలియన్లు, ట్రిలియన్లు అంటే నాన్నగారికి చిరాకు.) కంప్యూటర్ మెమరీది రెండ్ల లెక్క. రెండుని పదిసార్లు వేసి హెచ్చిస్తే 1024 వస్తుంది. వెయ్యికి దగ్గరే కదా అని పాతరోజుల్లో దానికీ కిలో అనే పేరు పెట్టేశారు.

కిలో దగ్గర తేడా నూటికి రెండున్నర కూడా లేదు, ఎవరూ పట్టించుకోలేదు. కానీ మెట్టు ఎక్కినకొద్దీ అది పెరుగుతుంది. మెగా దగ్గర దాదాపు 5 శాతం, గిగా దగ్గర ఏడు దాటుతుంది, టెరాకి వచ్చేసరికి 10 శాతం. వడ్డీ మీద వడ్డీ అన్నమాట. విండోస్ 1024 లెక్కలో కొలిచి కూడా జీబీ అనే రాస్తుంది. యాపిల్ 2009 నుంచి మ్యాక్‌లో వెయ్యి లెక్కకి మారింది. పాత ఫ్లాపీ సంగతి ఇంకా వింత. 1.44 ఎంబీ అంటే అటు వెయ్యీ కాదు, ఇటు 1024ఊ కాదు, రెండూ కలిపి కొట్టిన లెక్క. 14,74,560 బైట్లు.

ఈ గొడవ పోవాలని 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1024 లెక్కకి కిబి, మెబి, గిబి, టెబి అని వేరే పేర్లు పెట్టింది. ఎవరి నోటా పెద్దగా పలకలేదు. అమెరికాలో జనం కోర్టుకీ వెళ్లారు. 2007లో సీగేట్ కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే, కొన్నవాళ్లకి 5 శాతం వెనక్కి ఇస్తామనో ఉచితంగా సాఫ్ట్‌వేర్ ఇస్తామనో రాజీకి వచ్చింది.

నాన్నగారు కాగితం మీద లక్ష కోట్లని 1024తో మూడుసార్లు భాగించారు. సరిగ్గా 931 వచ్చింది. "తరుగు కాదురా, తూకం రాళ్లు వేరు" అన్నారు. తర్వాత 966ని 1024తో మూడుసార్లు హెచ్చించారు. లక్షా మూడువేల ఏడువందల కోట్లు తేలింది. అంటే మా టేపులు మొదట్నుంచీ టెరాబైట్‌కి మించే ఉన్నాయి! గంట టేపు దుకాణం లెక్కలో 13 జీబీ, మా కంప్యూటర్ లెక్కలో 12. ఒక రాయితో తూచిన సరుక్కి ఇంకో రాయితో తూచిన సంచి కొన్నాం.

ఆయన అక్కడితో ఆగలేదు. "మరి అమ్మ అని రాస్తే ఎంత?" అన్నారు. అ, మ, పొల్లు, మళ్లీ మ. నాలుగు గుర్తులు. ఇప్పుడు అంతటా వాడే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. మొత్తం 12 బైట్లు, 96 బిట్లు. 1,300 కోట్ల టేపుని పన్నెండుతో భాగించి, "నూటెనిమిది కోట్ల సార్లు రాయొచ్చు" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

బిట్ల దగ్గర మేం చేసిన పొరపాటు ఇంకోటుంది. ఇంకో ప్రతి ఇంటర్నెట్‌లో పెడతాం, రేపు ఈపాటికి చూసుకోవచ్చు అని హైదరాబాద్‌లో ఉన్న చెల్లెలికి మాటిచ్చేశాం. మా కనెక్షన్ ఎక్కించే వేగం 20. అవి మెగాబైట్లనుకుంటే పద్నాలుగు గంటల పని. కానీ ఇంటర్నెట్ కంపెనీలు చెప్పేది మెగాబిట్లు. ఎనిమిదో వంతు. బిల్లు మీద ఇంగ్లీషు బి అక్షరం చిన్నదా పెద్దదా అన్నదే తేడా. దాదాపు అయిదు రోజులు పట్టింది. మధ్యలో చెల్లెలు నాలుగుసార్లు ఫోన్ చేసింది, పాపం.

ఆ రాత్రికి మిగిలిన దారి అబ్బాయి 64 జీబీ పెన్‌డ్రైవ్. అదీ విండోస్‌లో 59 అనే చూపించింది, కానీ మూడు టేపులకి కావలసింది 36. అర్ధరాత్రి దాటాక కాపీ పూర్తయింది. ఒక్కో ఫైలూ తెరిచి, మొదలూ చివరా ఆడుతోందని కళ్లారా చూసుకున్నాకే నాన్నగారు పడుకున్నారు.

పొద్దున్న డిస్క్‌ని సూట్‌కేస్‌లో బట్టల మధ్య పెట్టాం. పెన్‌డ్రైవ్ కూడా అందులోనే వెయ్యబోతే వద్దన్నారు. చొక్కా జేబులో, ఆ లెక్కల కాగితంతో పాటు వేసుకుని బొత్తాం పెట్టుకున్నారు.