ఎనిమిది మంది పృచ్ఛకులూ, గండికోట వాకిలీ

నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చొని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రను ధరించి, పాచికల సాయంతో ఒక కల్పిత కథను మాటల్లోనే నడిపించుకొనే ఆటను రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. వీటిలో మొదట అచ్చయి మార్కెట్టుకు వచ్చినది, అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో వెలువరించిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’. కథాలోకాన్ని వర్ణిస్తూ, అందులో ఎదురయ్యే రాజులకూ కావలివాళ్లకూ గొంతునిచ్చే వ్యక్తిని డంజియన్ మాస్టర్ అంటారు. మన నాటక పరిభాషలో ఆయన సూత్రధారి. మిగిలినవారు యోధులుగా, మాంత్రికులుగా, దొంగలుగా, పూజారులుగా ఆ లోకంలో తిరుగుతారు.

ఈ ఆటలో ప్రతి పాత్రకూ బలం, చురుకుదనం, దేహదార్ఢ్యం, బుద్ధి, వివేకం, ఆకర్షణ అనే ఆరు గుణాలుంటాయి, వాటిని అంకెలతో కొలుస్తారు. చిక్కంతా ఆరోదానితోనే వస్తుంది. ‘కరిజ్మా’ అని పిలిచే ఈ ఆకర్షణ ఎవరికి ఎక్కువ ఉంటే వారే బృందం తరఫున మాట్లాడటం ఆనవాయితీగా మారింది. యుద్ధం వచ్చినప్పుడు ఎవరి వంతు ఎప్పుడో పాచిక తేల్చి చెబుతుంది కాబట్టి అందరికీ చేతినిండా పని దొరుకుతుంది, కానీ సంధి మాటలో విందు సంభాషణో మొదలైనప్పుడు వంతులు లేకపోవడం వల్ల ఒక్కరు మాట్లాడుతుంటే తక్కినవారు శ్రోతలైపోతారు. ఈ అలవాటుకు పాత మూలాలే ఉన్నాయి. 1981 నాటి ప్రారంభకుల నియమావళిలో, బృందమంతా ఏం చేయదలచుకున్నదో సూత్రధారికి విన్నవించే ‘కాలర్’ అనే ఆటగాడి ప్రస్తావన కనిపిస్తుంది. సైన్యాల బొమ్మలతో ఆడే యుద్ధక్రీడల నుంచి పుట్టిన ఆటకు అటువంటి ఏర్పాటు సహజమే కావచ్చు గాని, పాత్రలో జీవించడానికి వచ్చిన మనిషిని నోరు మూయించడం ఆట ప్రయోజనాన్నే దెబ్బతీస్తుంది.

మాటను పంచడం ఎలాగన్న ఈ ప్రశ్నకు కడప జిల్లా సాహిత్య సభలు ఎప్పుడో ఒక జవాబు సిద్ధం చేసి ఉంచాయి. ప్రొద్దుటూరు అవధానానికి పుట్టినిల్లు వంటి ఊరు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి జంటగా అవధానాలు చేసినదీ, ఆ తరువాతి తరంలో సి.వి. సుబ్బన్న శతావధాని ఆ విద్యను నిలిపినదీ ఈ గడ్డ మీదే. అష్టావధానంలో అవధాని ఎదుట ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నించేవారు, కూర్చుంటారు. అసంగతంగా తోచే ఒక పాదమిచ్చి పద్యంలో దాన్ని పొసగించమనే సమస్యాపూరణం ఒకరిది, పొంతనలేని నాలుగు మాటలిచ్చి పద్యం చెప్పమనే దత్తపది మరొకరిది, అవధాని వేయబోయే అక్షరాన్ని ముందే ఊహించి నిషేధించే నిషిద్ధాక్షరి ఇంకొకరిది. అవధాని ఒక్కొక్క ఆవృత్తంలో ఒక్కొక్క పాదం చొప్పున చెబుతూ నాలుగు ఆవృత్తాల్లో పద్యాలను పూర్తిచేస్తారు కాబట్టి, ఎంతటి వాచాలుడైనా తన వంతు వచ్చేదాకా ఆగక తప్పదు. ఎప్పుడంటే అప్పుడు అడ్డు తగిలే స్వేచ్ఛ ఉన్నది అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడికి ఒక్కరికే. సభను నవ్వించేది ఆయనే అయినా, సభ మొత్తం ఆయనది కాదు.

అంతకన్నా ఆలోచింపజేసేది ఘంటాగణనం. ఆ పృచ్ఛకుడు పెదవి విప్పనవసరం లేదు. చేతిలోని గంటను తోచినప్పుడల్లా మోగిస్తుంటే, పద్యాల నడుమ అవధాని ఆ మోతలను లెక్కపెట్టుకుంటూ చివర సంఖ్య చెప్పాలి. మాటకారితనం లేనివాడికి కూడా సభలో తనదైన పని దొరకడం ఎలా ఉంటుందో చూపడానికి దీన్ని మించిన ఉదాహరణ దొరకదు.

పులివెందుల వైపు చక్రాయపేట మండలంలోని సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక సంప్రదాయంలో కుటుంబమంతా పాత్రలు ధరిస్తుంది, కాని అక్కడ ఎవరు ఎంత మాట్లాడాలో రచన ముందే నిర్ణయిస్తుంది. భువనవిజయం అనే సాహిత్య రూపకం ఈ ఆటలకు మరింత దగ్గరిది. కృష్ణదేవరాయల కొలువును పునఃసృష్టిస్తూ, నేటి కవులు పెద్దనగా, తిమ్మనగా, ధూర్జటిగా, తెనాలి రామకృష్ణుడిగా వేషం కట్టి పద్యాలు చదువుతారు, అప్పటికప్పుడు చమత్కారాలూ విసురుకుంటారు. చప్పట్లన్నీ రామకృష్ణుడికే పోయే ప్రమాదం అక్కడా ఉంది. రాయల పాత్రధారి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి పద్యం అడగడమే దానికి విరుగుడు.

పాచికల ఆటల నియమకర్తలూ ప్రయత్నాలు చేయకపోలేదు. 2008లో వచ్చిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ నాలుగో కూర్పు, నిర్ణీత సంఖ్యలో వైఫల్యాలు ఎదురుకాకముందే బృందమంతా కలిసి కొన్ని విజయాలు కూడగట్టే పద్ధతిని తెచ్చింది. 2014 నాటి అయిదో కూర్పులో, బృందంలో కనీసం సగం మంది పాచిక గెలిస్తే అందరూ గెలిచినట్టే. ఇవి పాచికను పంచాయి గాని మాటను పంచలేకపోయాయి.

జమ్మలమడుగు దగ్గర, పెన్నా లోయ అంచున నిలిచిన గండికోటను కథాస్థలంగా ఊహిస్తే విషయం తేటపడుతుంది. కోట వాకిట కావలి నాయకుడు బృందాన్ని ఆపాడు. “మీరెవరు?” అని అతడు అందరినీ కలిపి అడిగితే ఆకర్షణ ఎక్కువున్న పాత్ర జవాబు అందుకుంటుంది, మిగిలినవారి పని అక్కడితో సరి. అదే అతడు యోధురాలి ఒరవైపు చూసి “ఏమ్మా, నువ్వు యా దండులో పనిచేసినావు?” అనీ, ప్రొద్దుటూరి నుంచి బంగారం తెచ్చిన వర్తకుణ్ని “ఈ మూట ఎవరిదయ్యా?” అనీ, పూజారిని మాధవరాయస్వామి గుడికి ఎందుకొచ్చాడనీ అడిగితే, ఆ ప్రశ్నలకు బదులు మరొకరు చెప్పలేరు. సిగ్గరి ఆటగాడు పాత్ర గొంతుతో పలకలేకపోతే, తన మనిషి తలవంచి కత్తిని నేలమీద పెట్టాడని చెప్పినా చాలు. ఘంటాగణనంలో ఆ గంట మోత లెక్కకు వచ్చినట్టే, సూత్రధారి దాన్ని కావలివాడి కళ్లతో చూసి బదులివ్వాలి. తడబడిన మాటకు పాచికతో శిక్ష వేయకూడదు, ఎందుకంటే పాత్ర వాగ్ధాటి వేరు, ఆటగాడి వాగ్ధాటి వేరు.

అవధానం చివర ధారణ ఉంటుంది. పూర్తయిన పద్యాలన్నింటినీ అవధాని వరుసగా తిరిగి అప్పజెబుతుంటే, ప్రతి పృచ్ఛకుడూ తానిచ్చిన సమస్యనో పదాలనో మళ్లీ వింటాడు. సూత్రధారి కూడా ఆట ముగిశాక ఆనాటి కథలో ఎవరు ఏమన్నారో, ఏం చేశారో ఇలాగే పేరుపేరునా చెప్పుకుపోవచ్చు. ఆ వరుసలో పేరు రానివారు ఎవరైనా ఉంటే, మరుసటిసారి కోట తలుపు తట్టవలసినది వారే.