ఇంటికి కొత్త ఎలక్ట్రిక్ బండి వస్తున్నప్పుడు

లీటరు పెట్రోలు ధర నూరు రూపాయలు దాటి చాలాకాలమైంది. పిల్లలను బడికి దింపడం, బజారు పనులు, ఆసుపత్రి, బంధువుల పరామర్శ, ఇలా రోజుకు ముప్పై కిలోమీటర్లయినా తిరగక తప్పని కుటుంబానికి ఆ ఖర్చు బరువుగానే ఉంది. అందువల్లనే ఎలక్ట్రిక్ స్కూటర్లు మన వీధులలో నానాటికీ పెరుగుతున్నాయి. గేర్లు లేకపోవడం, నడపడం తేలిక కావడం వల్ల మన ఇళ్లలోని స్త్రీలు కూడా వీటిపై మొగ్గు చూపుతున్నారు.

ఆదా మాట నిజమే. మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న స్కూటర్, కిలోమీటరుకు సుమారు 30 వాట్ అవర్లు వాడుకుంటుందనుకుంటే, నిండు ఛార్జింగుతో 100 కిలోమీటర్లు వెళుతుంది. ఛార్జర్‌లో వేడి రూపంలో పోయేదానిని కూడా కలిపితే మన మీటరులో దాదాపు మూడున్నర యూనిట్లు తిరుగుతాయి. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా ఇరవై ఒక్క రూపాయలు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు స్కూటర్‌కు అదే దూరానికి రెండు లీటర్లకు పైగా కావాలి.

అయితే ఈ లెక్కలో సాధారణంగా ఎవరూ చూడని అంశం ఒకటుంది. పెట్రోలు బండికి ఇంధనం ఇంటికి దూరంగా, బంకులో ఉంటుంది. అక్కడ ఇంజను ఆపాలని, నిప్పు వెలిగించరాదని కట్టుబాట్లుంటాయి. ఇసుక బకెట్లు, మంటలార్పే సిలిండర్లు సిద్ధంగా ఉంటాయి. ఎలక్ట్రిక్ బండి కొన్న రోజున ఆ బంకు మన ఇంట్లోకే వస్తుంది. దానిని నడిపేవారం మనమే. కనుక కొత్త బండిని ఇంటికి తెచ్చేముందు ఇంటిని సిద్ధం చేసుకోవాలని పాఠకులకు మనవి చేస్తున్నాము.

మూడు విషాదాలు చెప్పిన పాఠం

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో రాత్రివేళ ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించాడు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన కొత్త బండి బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటి యజమాని ప్రాణాలు కోల్పోయాడు, భార్యాపిల్లలు గాయపడ్డారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాదులో ఒక భవనం కింది భాగంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు రేగాయి. దట్టమైన పొగ మెట్లదారి గుండా పై అంతస్తులలోని లాడ్జిని కమ్మివేసింది. ఎనిమిది మంది మరణించారు.

ఆ తరువాత కేంద్ర ప్రభుత్వం బ్యాటరీల భద్రతా ప్రమాణమైన ఏఐఎస్ 156ను కఠినతరం చేసింది. సవరించిన నిబంధనలు 2022 డిసెంబర్ 1 నుండి ఒక దశగా, 2023 మార్చి 31 నుండి రెండవ దశగా అమలులోకి వచ్చాయి. కాబట్టి నేటి బండ్లు నాటి వాటికంటే మెరుగైనవే. కానీ ఎంత మంచి ప్రమాణమైనా మన పడకగదిలోకి వచ్చి చూడదు. పై సంఘటనలలో మనం గుర్తుపెట్టుకోవలసినవి రెండున్నాయి: ఇంటివారు నిద్రలో ఉన్న వేళ ఛార్జింగ్ పెట్టడం, పొగ వ్యాపించడానికి మెట్లదారి మార్గం కావడం. ఈ రెండూ మన చేతిలో ఉన్న విషయాలే.

ఇంటిలో చోటు, ప్లగ్గు, తీగ

బండికి మొదట చోటు నిర్ణయించాలి. గాలి ఆడే వరండా, కప్పు ఉన్న వాకిలి, షెడ్డు అనుకూలమైనవి. పడకగది, వంటగది, గ్యాస్ సిలిండర్ పక్కన పనికిరావు. అందరూ మెట్ల కింది ఖాళీ స్థలాన్నే ఎంచుకుంటారు. అది అన్నిటికంటే ప్రమాదకరం. ఏదైనా జరిగితే పై అంతస్తువారు దిగి రావలసిన దారి అదే. బ్యాటరీని విడదీసి లోపలికి తెచ్చుకునే రకం బండి అయితే, బయటికి పోయే తలుపుకు, మనుషులు పడుకునే చోటుకు మధ్య దానిని పెట్టరాదు. కింద గచ్చు నేల ఉండాలి. పరుపులు, కర్టెన్లు, అట్టపెట్టెలు దగ్గర ఉండరాదు.

తరువాత విద్యుత్తు. పాత ఇళ్లలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నప్పటికీ దాని వెనుక ఎర్త్ తీగ ఉండకపోవచ్చు. ఛార్జర్ గంటల తరబడి ఆగకుండా కరెంటు లాగుతుంది కాబట్టి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ పరీక్ష చేయించాలి. బండికోసం బోర్డు నుండి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించి, 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగిన ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవడం మంచిది. తీగలో ఎక్కువ కరెంటు ప్రవహిస్తే ఎంసీబీ ఆపివేస్తుంది. కరెంటు నేలలోకి కారుతుంటే, అంటే మనిషికి షాకు తగిలే స్థితి వస్తే, ఆర్‌సీసీబీ క్షణంలో తెగగొడుతుంది. ఒకటి ఉంటే రెండవది అక్కరలేదనుకోరాదు.

మూడవ అంతస్తు బాల్కనీ నుండి సన్నని ఎక్స్‌టెన్షన్ తీగను వీధిలోకి వేలాడదీసి ఛార్జింగ్ పెట్టే దృశ్యం మన బస్తీలలో కొత్త కాదు. సన్నని తీగ వేడెక్కుతుంది. కీలు వదులైన ప్లగ్గులో నిప్పురవ్వలు పుడతాయి. వానకు తడిసిన తీగ పిల్లల చేతికందుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవారు యజమానితో మాట్లాడి, తమ మీటరు నుండి కిందికి సరైన తీగ వేయించుకోవాలి. బండి కొన్న సొమ్ముతో పోలిస్తే ఆ ఖర్చు స్వల్పం.

బండి అప్పగించుకునేటప్పుడు

షోరూంలో రంగు, లైట్లు చూసి సంతోషించి వచ్చేయడం మనకు అలవాటు. ఈ కింది విషయాలను కూడా అడిగి తెలుసుకోవాలి.

మొదటిది, బ్యాటరీ ఏ రకం? చౌక బండ్లలో లెడ్ యాసిడ్ బ్యాటరీలు వస్తాయి. బరువు ఎక్కువ, ఆయువు తక్కువ. మిగిలినవి లిథియం బ్యాటరీలు. వీటిలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడిని ఎక్కువగా ఓర్చుకుంటుంది. సంరక్షణ పద్ధతి రకాన్నిబట్టి మారుతుంది కాబట్టి ఇది తెలియకుండా ముందుకు సాగలేము.

రెండవది, పత్రాలు. బ్యాటరీ, ఛార్జర్ల సీరియల్ నంబర్లు వారంటీ కార్డుపై రాయించుకోవాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగం, 250 వాట్ల మోటారు మించని బండ్లకు రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం లేదు. అంతకు మించితే అవి తప్పనిసరి. ఆకుపచ్చ నంబరు ప్లేటు, థర్డ్ పార్టీ బీమా కూడా ఉండాలి. కొందరు దుకాణదారులు వేగ పరిమితిని తొలగించి ఇస్తామంటారు. ఒప్పుకోవద్దు. అలా చేసిన బండి చట్టం దృష్టిలో రిజిస్టరు కాని మోటారు వాహనమే అవుతుంది.

మూడవది, స్త్రీల వస్త్రధారణకు సంబంధించిన రక్షణ. వెనుక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే శారీ గార్డు, వెనుక కూర్చునేవారికి చేతిపట్టు, కాలుపెట్టే మెట్టు ఉండాలని మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. బురఖా, చున్నీ, చీర కొంగు చక్రంలో చిక్కి జరిగే ప్రమాదాలు మెడకే ముప్పు తెస్తాయి. అందం కోసం గార్డు తీసివేయించవద్దు. కూర్చున్న తరువాత వస్త్రాన్ని ఒళ్లోకి మడిచి పెట్టుకోవడాన్ని అలవాటు చేసుకోవాలి.

తొలి రోజులలో ఖాళీ మైదానంలో సాధన చేయాలి. ఎలక్ట్రిక్ మోటారు పెట్రోలు ఇంజనులా మెల్లగా పుంజుకోదు; పిడి తిప్పిన క్షణంలోనే బలమంతా చూపుతుంది. శబ్దం లేదు కాబట్టి బండి ఆన్‌లో ఉందన్న సంగతి పిల్లలకు తెలియదు. తాళంచెవి బండికే వదిలి లోపలికి వెళ్లడమంటే చిన్నపిల్లల చేతికి ప్రమాదాన్ని అందించడమే. అదే కారణంగా సందులలో నడిచే వృద్ధులకు మన రాక వినిపించదు. మలుపులలో హారన్ కొట్టి, వేగం తగ్గించి పోవాలి. హెల్మెట్ గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఛార్జింగ్ పద్ధతులు

లిథియం బ్యాటరీకి రోజూ నూరు శాతం నింపడం, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడపడం రెండూ భారమే. నిత్య వినియోగంలో 20 నుండి 80 శాతం మధ్య ఉంచితే ఆయువు పెరుగుతుంది. నెలకు ఒకటి రెండుసార్లు నిండుగా ఛార్జింగ్ చేస్తే లోపలి సెల్లన్నీ ఒకే స్థాయికి వస్తాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఇది వర్తించదు. దానిని ఖాళీగా ఉంచితే చెడిపోతుంది కనుక, నడిపిన ప్రతిరోజూ నిండుగా ఛార్జింగ్ పెట్టాలి.

బండి నడిపి వచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టరాదు. ముఖ్యంగా ఎండాకాలంలో అరగంట నుండి గంట చల్లారనివ్వాలి. బండితో వచ్చిన ఛార్జర్‌నే వాడాలి. చౌకగా దొరికే మరో ఛార్జర్ మూతి సరిపోయినా వోల్టేజి సరిపోకపోవచ్చు. ఛార్జర్‌ను సీటుపైన, గుడ్డపైన పెట్టక, గట్టి నేలపై గాలి తగిలేలా ఉంచాలి.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం, ఇంట్లో ఎవరో ఒకరు మేలుకొని ఉన్న వేళలోనే ఛార్జింగ్ చేయడం. 750 వాట్ల ఛార్జర్‌తో మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ 20 నుండి 80 శాతానికి రావడానికి సుమారు మూడు గంటలు చాలు. మగ్రిబ్ తరువాత పెడితే, ఇషా, రాత్రి భోజనం ముగిసి పడకలు వేసే వేళకు తీసివేయవచ్చు. పడుకోబోయే ముందు గ్యాస్ కట్టివేశామా అని చూసినట్లే, ప్లగ్గు తీశామా అని చూసే బాధ్యతను ఇంట్లో ఒకరికి అప్పగించాలి.

ఎండ, వాన, దూరప్రయాణం

మన ప్రాంతపు ఎండలు బ్యాటరీకి పెద్ద శత్రువు. నీడలేని చోట మధ్యాహ్నమంతా నిలిపితే వేడి కొద్దికొద్దిగా దాని శక్తిని తినివేస్తుంది. ప్రతి వారం టైర్లలో గాలి చూసుకోవాలి. గాలి తగ్గితే మైలేజీ తగ్గుతుంది. బ్రేకులు, నట్లు మొదటి సర్వీసులోనే బిగింపుకు వస్తాయి కనుక దానిని వాయిదా వేయరాదు.

ఐపీ 67 అని రాసి ఉన్న బ్యాటరీ ఒక మీటరు లోతు నీటిలో అరగంట వరకు తట్టుకుంటుందని అర్థం. అది కొత్త స్థితిలో బ్యాటరీకి ఇచ్చిన హామీ. బండి మొత్తానికీ కాదు, ఛార్జర్‌కు అసలే కాదు. కాబట్టి ప్రెషర్ పంపుతో కడగకుండా తడిగుడ్డతో తుడుచుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ కాలనీలలో వాహనాలు రోజుల తరబడి నీట మునిగాయి. అలా మునిగిన ఎలక్ట్రిక్ బండిని ఆరబెట్టి ఛార్జింగ్ పెట్టి చూద్దామనుకోవడం ప్రాణాంతకం. ఇంటికి దూరంగా ఆరుబయట నిలిపి సర్వీసువారికి కబురు చేయాలి.

హజ్ యాత్రకో, గల్ఫ్‌లోని కొడుకు దగ్గరికో నెలకు పైగా వెళ్లేవారు లిథియం బ్యాటరీని సగం ఛార్జింగుతో, నీడపట్టున, ప్లగ్గు తీసి ఉంచాలి. నెలకొకసారి చూసి తగ్గితే మళ్లీ సగానికి తెచ్చే పని నమ్మకమైన వారికి అప్పగించాలి.

ప్రమాద సంకేతాలు కనిపిస్తే

బ్యాటరీ పెట్టె ఉబ్బడం, పట్టుకోలేనంత వేడి, ఘాటైన రసాయన వాసన, బుసబుస శబ్దం, తెల్లని పొగ. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బండిని కాపాడే ప్రయత్నం చేయవద్దు. లోపల ఒక సెల్లు వేడెక్కి దెబ్బతింటే ఆ వేడి పక్క సెల్లుకు, దాని నుండి మరొకదానికి పాకుతుంది. మంటకు కావలసిన ప్రాణవాయువులో కొంత ఆ పదార్థాల నుండే విడుదలవుతుంది. అందుకే దుప్పటి కప్పినా, ఇసుక పోసినా అది ఆగదు; ఆరినట్లు కనిపించి గంటల తరువాత మళ్లీ అంటుకోవచ్చు. వెలువడే పొగ విషపూరితం. ముందు పిల్లలను, వృద్ధులను బయటికి తీసుకువెళ్లాలి. దారిలోనే ఉంటే మెయిన్ స్విచ్ ఆపాలి. 101కి గాని, 112కు గాని ఫోను చేసి, కాలుతున్నది ఎలక్ట్రిక్ బండి అని స్పష్టంగా చెప్పాలి.

ఇక ఆయువు తీరిన బ్యాటరీని పాత ఇనుప సామానువారికి అమ్మడం, వీధి మెకానిక్ చేత విప్పించి సెల్లు మార్పించడం తగని పనులు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత ఉత్పత్తిదారులది. డీలరుకే అప్పగించి రసీదు తీసుకోవాలి. మనం వదిలించుకున్న వస్తువు మరొకరి బిడ్డ చేతిలో పేలకూడదు.

ఎలక్ట్రిక్ బండిని చూసి భయపడనక్కరలేదు. గ్యాస్ పొయ్యి మన వంటిళ్లలోకి కొత్తగా వచ్చినప్పుడు కూడా పెద్దలు భయపడ్డారు. రెగ్యులేటర్ కట్టడం, వాసన గమనించడం నేర్చుకున్నాక అది ఇంటి వస్తువైపోయింది. ఈ బండి విషయంలోనూ అటువంటి అలవాట్లు ఏర్పడాలి. షోరూంకు వెళ్లేముందే కుటుంబమంతా ఒకచోట కూర్చుని మూడు ప్రశ్నలకు జవాబు నిర్ణయించుకోండి: బండి ఎక్కడ ఉంటుంది? ఏ వేళలో ఛార్జింగ్ పెడతాము? ప్లగ్గు తీసే బాధ్యత ఎవరిది? ఈ మూడూ తేలిన తరువాతనే అడ్వాన్సు చెల్లించండి.