ఎండ తగిలిందా అని అడిగితే ముత్తుకూరు ఏం చెప్పాలి?

ఈ వారం ముఖచిత్ర కథనానికి ఎడిటర్ గారు ఇచ్చిన అంశం అవాంఛిత రోమాలకు లేజర్ చికిత్స. క్లినిక్కుల ఆఫర్ల కరపత్రాల్లో పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకలేదు. దొరికింది చికిత్సకు ముందు సంతకం పెట్టించుకునే అంగీకార పత్రంలో, ఒక్క ప్రశ్న రూపంలో: గత కొన్ని వారాల్లో మీ చర్మానికి ఎండ తగిలిందా?

ముత్తుకూరు మండలంలో దీనికి 'లేదు' అని రాయగలిగేదెవరు? రొయ్యల గుంటల గట్ల మీద తిరిగేవాళ్లా, నాట్లకు వంగేవాళ్లా, కృష్ణపట్నం పోర్టులో డ్యూటీ చేసేవాళ్లా, స్కూటీ మీద మత్స్య కళాశాలకు వెళ్లే అమ్మాయిలా? అయినా డబ్బు కట్టి, నెల్లూరు దాకా వెళ్లి కూర్చున్నాక 'తగిలింది' అని రాసి వెనక్కి రావడానికి మనసొప్పదు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

లేజర్ గురి నలుపు మీద. వెంట్రుకలోని మెలనిన్ ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కితే కుదురు దెబ్బతింటుంది. ఎండకు కమిలిన పైచర్మంలోనూ ఉండేది ఆ మెలనినే. యంత్రానికి రెండూ ఒకటే. కుదురుకు దిగాల్సిన వేడి పైనే ఆగితే బొబ్బలు లేస్తాయి, నెలల తరబడి వదలని నల్ల మచ్చలు పడతాయి, ఒక్కోసారి తెల్లగా పాలిపోతుంది. కాసేపు ఎర్రబడటం, కుదుళ్ల చుట్టూ చిన్న వాపు మామూలే. ఒకట్రెండు రోజుల్లో పోతాయి. బొబ్బ మాత్రం మామూలు కాదు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

అందుకే యంత్రం పేరు అడగాలి. మన ఛాయకు అన్నిటిలోకీ భద్రమైనది 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్. దాని కాంతిని పైచర్మం తక్కువ పీల్చుకుంటుంది. డయోడ్‌ను చేయి తిరిగినవాళ్లు మనకూ వాడతారు. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ తెల్లటి చర్మాలకు నప్పేది. కాంతి మెరుపులతో పనిచేసే ఐపీఎల్ అసలు లేజరే కాదు, బోర్డు మీద ఏం రాసినా.

నాకు నమ్మబుద్ధి కానిది ఇంకొకటి: లేజర్ వేశాక కొందరికి వెంట్రుకలు పెరుగుతాయి! ఎక్కువగా ముఖం, మెడ మీద. ముదురు ఛాయ వాళ్లలో, పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్నవాళ్లలో. చాలని వేడి నిద్రపోతున్న కుదుళ్లను లేపుతుందని ఒక ఊహ. కరపత్రాల్లో ఇది వెతికినా కనిపించదు. గడ్డం మీద ఉన్నట్టుండి వెంట్రుకలొచ్చిన అమ్మాయికి లేజర్ కన్నా ముందు కావాల్సింది హార్మోన్ల పరీక్ష.

చరిత్ర రెండు ముక్కల్లో. 1896లో వియన్నాలో ఫ్రాయిండ్ అనే డాక్టరు ఎక్స్‌రేలతో వెంట్రుకలు రాల్చాడు. 1920ల్లో అమెరికా సెలూన్లు దాన్ని వ్యాపారం చేశాయి. ఏళ్ల తర్వాత పుండ్లు, క్యాన్సర్లు బయటపడ్డాయి. 1960లో మైమన్ తయారుచేసిన రూబీ లేజర్, 1983లో రంగున్న చోటునే ఎంచి వేడెక్కించవచ్చన్న ఆండర్సన్, పారిష్‌ల సిద్ధాంతం, 1990ల్లో రోమాల లేజర్లకు అమెరికా అనుమతులు. అప్పటికీ ఇప్పటికీ అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకునేది రోమాలు తగ్గుతాయన్న మాటనే, పూర్తిగా పోతాయన్న మాటను కాదు.

మత్తు పూత, కళ్లద్దాలు

2007 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక చేసింది. లేజర్‌కు ముందు నొప్పి తెలియకుండా కాళ్ల నిండా మత్తు క్రీము పూసుకుని, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టుకున్న ఇద్దరు యువతులు మూర్ఛలు వచ్చి, కోమాలోకి వెళ్లి చనిపోయారు. ఒకరికి 22 ఏళ్లు, ఇంకొకరికి 25. ఎంత మేర పూయాలో, ఎంతసేపు ఉంచాలో డాక్టరే చెప్పాలి.

కనురెప్పల దగ్గర లేజర్ వద్దు. కనుబొమల కింద వేయించుకుని కంటిపాప దెబ్బతిన్న కేసులున్నాయి. కళ్లద్దాలు మీకూ, చేసేవాళ్లకూ ఉండాల్సిందే. 2021 మేలో కృష్ణపట్నం ఆనందయ్య కరోనాకని పంచిన నాటు మందుల్లో కంటి చుక్కలను పక్కనపెట్టి కొన్నిటికే ప్రభుత్వం అనుమతిచ్చిన సంగతి ఈ మండలానికి గుర్తుండే ఉంటుంది. కంటి విషయంలో ఆ పట్టింపు ఇక్కడా ఉండాలి.

వ్యాక్సింగ్, థ్రెడింగ్ చేయించుకుని వెళ్తే లేజర్‌కు పట్టుకోవడానికి వెంట్రుకే మిగలదు. షేవింగ్ ఫర్వాలేదు. నెరిసిన వెంట్రుకకు లేజర్ దండగ.

ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, ఆరు సిట్టింగులైనా పడతాయి. వేయించుకోవాలనే ఉంటే రోహిణి కార్తె ఎండలో మొదలుపెట్టకండి. అక్టోబరులో మన తీరానికి ముసురు పట్టాక చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. అంగీకార పత్రంలో ఎండ ప్రశ్న దగ్గర నిజం రాయండి.