మీకు తెలుసా? పాలపుంత అవతలి అంచుకు పదమూడు వేల ఓడలు

2019 జనవరి 13. తెల్లవారితే మనకు భోగి. ఆ రోజు ప్రపంచం నలుమూలలా పదమూడు వేల మందికి పైగా ఆటగాళ్లు ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లు కూర్చుని ఒకే ప్రయాణానికి బయల్దేరారు. ఆట పేరు ఎలీట్ డేంజరస్. యాత్ర పేరు డిస్టెంట్ వరల్డ్స్ 2. గమ్యం పాలపుంత అవతలి అంచున ఉన్న బీగిల్ పాయింట్, అంటే సూర్యుడి నుంచి 65,279 కాంతి సంవత్సరాలు. మజిలీలు చేసుకుంటూ వెళ్లేసరికి నాలుగు నెలలు దాటింది. అంత దూరం వెళ్లే మనిషి ఏం సర్దుకుంటాడు, ఏం వదిలేస్తాడు అన్నదే ఈసారి మన ముచ్చట. 

ఇంత పాలపుంతను గీసిందెవరు?

ఎవరూ గీయలేదు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌కు చెందిన ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ 2014 డిసెంబరులో విడుదల చేసిన ఈ ఆటలో దాదాపు 40,000 కోట్ల నక్షత్ర మండలాలున్నాయి. ఖగోళ శాస్త్రవేత్తలు పట్టికలకెక్కించిన నక్షత్రాలను వాటి వాటి చోట్ల పెట్టారు, మిగతావన్నీ గణిత సూత్రాలతో పుట్టించారు. ఇది పాత విద్యే. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కుర్రాళ్లు 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న బీబీసీ మైక్రో కంప్యూటర్‌లో మొదటి ఎలీట్ రాశారు. అందులో 8 గెలాక్సీలు, ఒక్కోదానిలో 256 మండలాలు. ఇవేవీ విడివిడిగా దాచిపెట్టినవి కావు. కొన్ని విత్తనపు అంకెలు ఇస్తే లోకమంతా మొలకెత్తే లెక్క అది. ఇప్పటి ఆటగాడు ఎవరూ అడుగుపెట్టని మండలంలోకి దూకినప్పుడు ఆ లోకాన్ని తయారుచేసినవాళ్లు కూడా దాన్ని చూసి ఉండరు. నాకు ఈ ఆట మీద ఇంత మక్కువ అందుకే.

30కి, 60కి తేడా

ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి వేసే ఒక్క దూకుడులో ఓడ ఎంత దూరం పోతుందన్నది ఇంజను మీద ఎంత ఆధారపడుతుందో, బరువు మీదా అంతే ఆధారపడుతుంది. 30 కాంతి సంవత్సరాలు దూకే ఓడకు బీగిల్ పాయింట్ 2,176 దూకుళ్లు, 60 దూకే ఓడకు 1,088. దూకుడుకు ఒక నిమిషం వేసుకున్నా మొదటిదానికి 36 గంటలు, రెండోదానికి 18. అదీ ఎక్కడా ఆగకుండా, ఏమీ చూడకుండా వెళితే.

అందుకే సన్నాహమంటే ముందు దించుకోవడం. తుపాకులు పోతాయి. కవచపు పలకలు పోతాయి. సరుకుల అరలు చాలావరకు పోతాయి. ఓడలో ప్రతి యంత్రానికీ ఏ నుంచి ఈ దాకా ఐదు రకాలుంటాయి. కొత్తవాళ్లు ఏ రకమే గొప్పదని అన్నిటికీ అదే బిగిస్తారు, కానీ అన్నిటికన్నా తేలికైనది డీ. దూకుడు యంత్రాన్నీ, నక్షత్రం నుంచి ఇంధనం పట్టే స్కూప్‌నూ ఏ రకంలో తీసుకుని, మిగతా చాలావాటిని డీకి దింపుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. ఇంధనానికీ బరువుంది కాబట్టి నిండు ట్యాంకు కన్నా సగం ట్యాంకుతో ఓడ ఇంకాస్త ఎక్కువ దూరం దూకుతుంది.

అయితే తేలికకు హద్దుంది. ఓడ అద్దం పగిలితే ప్రాణవాయువు అందించే యంత్రం డీ రకమైతే ఏడున్నర నిమిషాలు, ఏ రకమైతే 25 నిమిషాలు కాపాడుతుంది. రేవుకు వేల కాంతి సంవత్సరాల దూరంలో ఈ రెండూ ఒకటే అని కొందరి వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది. రక్షణ కవచాన్ని, అంటే షీల్డును, పూర్తిగా తీసేసేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. చిన్నదైనా ఒకటి ఉండాలి. అక్కడ దొంగలుండరు, నిజమే. గ్రహాలకు గురుత్వం ఉంటుంది కదా! భూమికి రెండు మూడు రెట్లు లాగే నేల మీద దిగేటప్పుడు ఓడ మన చేతిలో బండరాయిలా జారుతుంది. నాలుగు నెలల శ్రమ ఆ ఒక్క తాకుడుకు పోతుంది.

ఏడు అక్షరాల పెట్రోలు బంకు

దారిలో ఇంధనం అమ్మేవాళ్లు లేరు. నక్షత్రానికి దగ్గరగా పోయి దాని వాయువునే పట్టుకోవాలి. అన్ని నక్షత్రాలూ ఇవ్వవు. ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎమ్ తరగతులవి ఇస్తాయి. గోధుమ మరుగుజ్జులు ఇవ్వవు, తెల్ల మరుగుజ్జులు ఇవ్వవు, న్యూట్రాన్ తారలు ఇవ్వవు. ఆటగాళ్లు ఈ అక్షరాలను కలిపి కేజీబీఫోమ్ అని బట్టీ పెడతారు. మన సూర్యుడు జీ తరగతి.

ఈ అక్షరాలు ఆట కోసం పుట్టినవి కావు. హార్వర్డ్ వేధశాలలో అన్నీ జంప్ కానన్ అనే మహిళ దాదాపు మూడున్నర లక్షల నక్షత్రాలను పరిశీలించి వేసిన వరస ఇది. ఆమె పేరులోనే జంప్ ఉండటం ఆటగాళ్లకు ముచ్చటైన కాకతాళీయం. ఆ వరస వెనక ఉన్నది ఉష్ణోగ్రత అని తన అయనీకరణ సమీకరణంతో 1920లో వివరించింది మన మేఘనాథ్ సాహా. ఓ తరగతి అన్నిటికన్నా వేడి, ఎమ్ చల్లన. ఈ ఏడు అక్షరాలూ వచ్చిన పిల్లవాడు ఆటలో దారి తప్పడు, భౌతికశాస్త్రంలోనూ ఒక మెట్టు ఎక్కినట్టే.

మ్యాపులో ఈ ఏడింటినే చూపమని వడపోత పెట్టుకుని, దారి కూడా వాటి మీదుగానే వేయమని అడగాలి. నా మొదటి దూరప్రయాణంలో నేను ఆ పని చేయలేదు. వరసగా ఐదు గోధుమ మరుగుజ్జులు తగిలాయి. ట్యాంకులో ఒక్క దూకుడుకు సరిపడా ఇంధనం మిగిలింది. ఆరోది ఎమ్ తరగతి ఎర్ర నక్షత్రం. ఆ ఎరుపు ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది.

ఓడ మీద పుట్టిన లెక్క, ఓడలకు పనికొచ్చింది

ఇంధనం ఇవ్వని తారలు మరో మేలు చేస్తాయి. న్యూట్రాన్ తార ధ్రువాల నుంచి చిమ్మే ధారలోకి ఓడను జాగ్రత్తగా నడిపితే తరువాతి దూకుడు నాలుగు రెట్లవుతుంది. 60 కాంతి సంవత్సరాల ఓడ 240 దూకుతుంది. తెల్ల మరుగుజ్జు ధారలో అయితే ఒకటిన్నర రెట్లే, పైగా ప్రమాదం ఎక్కువ. చాలామంది దాని జోలికి పోకపోవడం తెలివైన పని. ధారలోకి వెళ్లిన ప్రతిసారీ దూకుడు యంత్రం కొంచెం అరుగుతుంది.

ఏ తార తెల్ల మరుగుజ్జుగా మిగులుతుందో, ఏది అలా నిలవలేక ఇంకా కుంగిపోతుందో చెప్పే హద్దు సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్లు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1930లో, పంతొమ్మిదేళ్ల వయసులో, చదువు కోసం ఇంగ్లండ్ వెళ్తూ ఓడ మీదే ఈ లెక్కకు శ్రీకారం చుట్టారు. సుదీర్ఘ సముద్రయానంలో చేతిలో కాగితం, ముందు బోలెడంత సమయం. 1983లో నోబెల్ వచ్చింది.

పొలోనియం ఊరగాయ

గెలాక్సీ అవతలి అంచున నక్షత్రాలు పలుచబడతాయి. ఒకదానికొకటి అందనంత ఎడం. అక్కడికి చేరాక ఓడ ఎంత తేలికైనా ఒక్కోసారి చాలదు. అప్పుడు ఆదుకునేది ఆటగాళ్లు జంపోనియం అని పిలుచుకునే మిశ్రమం. అది మూడు రకాలు: దూకుడును పావు వంతు పెంచేది, సగం పెంచేది, రెట్టింపు చేసేది. రెట్టింపు చేసేదానికి కర్బనం, జెర్మేనియం, ఆర్సెనిక్, నియోబియం, ఇట్రియం, పొలోనియం కావాలి. ఇవి గ్రహాల నేల మీద రాళ్లలో దొరుకుతాయి. ఓడ దిగి, చిన్న బండిలో తిరిగి, రాళ్లు పగలగొట్టి ఏరుకోవాలి. పొలోనియం దొరికే గ్రహాలు అరుదు.

మన ఇళ్లలో ఎండాకాలంలోనే ఊరగాయ పెట్టుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. కూర లేని రోజున జాడీ మూత తీస్తాం. అంచుకు చేరాక ఏరుకుందాంలే అనుకునేవాడు ఆ అంచునే ఇరుక్కుంటాడు. పొలోనియం ఉన్న గ్రహం ఎవరికి దొరికినా మిగతావాళ్లకు చెప్పడం, అక్కడే విడిది వేసి అందరూ కలిసి ఏరుకోవడం గుంపు ప్రయాణాల్లో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం.

వైద్యుడికి వైద్యం

దారిలో యంత్రాలను బాగుచేసే ఒక పరికరముంది. అది తనను తాను బాగుచేసుకోలేదు. అందుకే రెండు పట్టుకెళ్తారు, ఒకదాన్ని రెండోది చూసుకుంటుంది. ఓడ పైతొడుగుకు దెబ్బ తగిలితే ఈ రెండూ పనికిరావు. దానికి లింపెట్ అనే చిన్న డ్రోన్లు కావాలి. గుంపులో ప్రతివాడూ వాటిని మోయనక్కర్లేదు. కొందరు ఆ పని తమ మీద వేసుకుంటే మిగతావాళ్ల ఓడలు తేలికవుతాయి. కలిసి వెళ్లడంలో అసలు లాభం ఇక్కడుంది. తోటివాడి సాయానికి బరువు లేదు.

ఎంతమంది కలిస్తే ఎంతమంది కనిపిస్తారు?

పదమూడు వేల ఓడలు ఒకే ఆకాశంలో కనిపించవు. ఒక చోట ఒకరికొకరు కనిపించేది సుమారు 32 మందే. అంతకు మించితే ఆట వాళ్లను వేరే పొరలో ఉంచుతుంది. కాబట్టి పెద్ద యాత్రల్లో జట్లు కట్టుకుని, ఏ మజిలీకి ఏ తేదీన చేరాలో ముందే రాసుకుంటారు. ఆటలోని గడియారం యూటీసీది. అక్కడ రాత్రి 8 అంటే మనకు అర్ధరాత్రి దాటి 1:30. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న ఆటగాడు నిద్ర లెక్క కూడా సన్నాహంలో వేసుకోవాలి. డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి అది మధ్యాహ్నమే. ఆటలో సంవత్సరం మన సంవత్సరానికి 1,286 ఎక్కువ, అంటే డిస్టెంట్ వరల్డ్స్ 2 బయల్దేరింది 3305లో.

ఇంధనం అయిపోయినవాళ్ల దగ్గరకు వెళ్లి ఉచితంగా నింపి వచ్చే ఫ్యూయల్ ర్యాట్స్ అనే ఆటగాళ్ల బృందం ఉంది. గుర్తుంచుకోవలసింది ఒకటే: ఇంధనం అయిపోయి ప్రాణవాయువు గడియారం మొదలైతే ముందు ఆట నుంచి మొదటి మెనూకి బయటికొచ్చేయాలి. బయట ఉన్నంతసేపూ ప్రాణవాయువు తరగదు. తరువాత కబురు పెట్టాలి. కంగారులో ఓడలోనే కూర్చుని పిలిచేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

ఇంత దూరాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, 1977లో బయల్దేరిన నిజమైన అంతరిక్ష నౌక వాయేజర్ 1 ఇప్పటికి సూర్యుడి నుంచి దాదాపు ఒక కాంతి రోజు దూరం పోయింది. ఆటలోని సౌరమండలంలోనూ వాయేజర్లు రెండూ ఉన్నాయి. వెతికితే కనిపిస్తాయి. దూరప్రయాణానికి ముందు వాటిని చూసి వెళ్లేవాళ్లున్నారు.

పెద్ద ఓడే నిదానం

2020 జూన్ నుంచి ఆటగాళ్లు ఫ్లీట్ క్యారియర్ అనే తేలే రేవును కొనుక్కోగలుగుతున్నారు. ధర 500 కోట్ల క్రెడిట్లు. పదహారు ఓడలకు దిగే చోటు. ఒక్క దూకుడులో 500 కాంతి సంవత్సరాలు పోతుంది. దాని మీద ఓడ నిలిపి పడుకుంటే తెల్లారేసరికి మీరూ అక్కడుంటారు. కానీ ప్రతి దూకుడుకు సిద్ధం కావడానికీ, తరువాత చల్లబడటానికీ కలిపి ఇరవై నిమిషాలు పడుతుంది. 65,279ని 500తో భాగిస్తే 131 దూకుళ్లు, దగ్గర దగ్గర 44 గంటలు. తేలికపాటి ఓడ 18 గంటల్లో పోయే దారే అది. పైగా ట్రిటియం ఇంధనాన్ని ఎవరో ఒకరు తవ్వి పోస్తూ ఉండాలి. అయినా ఈ నిదానపు రేవు వల్ల దూరప్రయాణం మొత్తం మారిపోయింది. ఎందుకో చెబుతాను.

చూసింది ఎప్పుడు మనదవుతుంది?

దారిలో ఎవరూ చూడని గ్రహాన్ని కనుగొంటే దాని మీద మీ పేరు పడుతుంది, తరువాత వచ్చే ప్రతివారికీ అది కనిపిస్తుంది. అయితే ఆ సమాచారాన్ని ఏదైనా రేవుకు తెచ్చి అమ్మాకే. ఈలోగా ఓడ పేలిపోతే ధరలో ఐదు శాతం కట్టి ఓడ తిరిగి తెచ్చుకోవచ్చు, సమాచారం మాత్రం పోతుంది. మీరేమో చివరిసారి ఆగిన రేవులో, అంటే బయల్దేరిన చోటే కళ్లు తెరుస్తారు. దారిలో క్యారియర్ ఉంటే ఎక్కడికక్కడ అమ్ముకోవచ్చు. అది లేని రోజుల్లో వేల కాంతి సంవత్సరాల పాటు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రావలసి వచ్చేది. డిస్టెంట్ వరల్డ్స్ 2 యాత్రికులు దీనికి వేరే దారి చూసుకున్నారు. గెలాక్సీ నడిబొడ్డున ఉన్న సాజిటేరియస్ ఏ స్టార్ కృష్ణబిలానికి దగ్గర్లో, తామే ఖనిజాలు తవ్వి పోసి, ఎక్స్‌ప్లోరర్స్ యాంకరేజ్ అనే శాశ్వత రేవు కట్టించారు. సూర్యుడికి దాదాపు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో అది ఈనాటికీ ఉంది.

దారి తప్పిన రేవు

2016లో జాక్ అనే పాత్ర నడిపే అంతరిక్ష కేంద్రం, ఆటగాళ్లు పోగుచేసిన ఇంధనంతో, ఏకంగా బీగిల్ పాయింట్‌కే దూకబోయింది. దూకుడు వికటించి మాయమైపోయింది. ఆటగాళ్లు వారాల తరబడి వెతికి, సూర్యుడికి సుమారు 22,000 కాంతి సంవత్సరాల దూరంలో విరిగి పడి ఉన్న దాన్ని కనుగొన్నారు. దాన్ని బాగుచేయడానికి వందల మంది అంత దూరమూ వెళ్లారు, కొందరు అక్కడే స్థిరపడ్డారు. చుట్టూ ఊళ్లు వెలిశాయి. ఆ ప్రాంతం పేరిప్పుడు కొలోనియా. అవతలి అంచు నుంచి అరిగిపోయి తిరిగొచ్చే ఓడలెన్నో అక్కడే ఆగి, పైతొడుగు బాగుచేయించుకుని, నెలల తరబడి మోసుకొచ్చిన గ్రహాల పేర్లను అక్కడే అమ్ముతాయి.