బైకు ఫ్యూజ్ పదే పదే పోతోందా? అపోహలు – వాస్తవాలు

మోటారు సైకిల్లో ఫ్యూజ్ పని ఒక్కటే. వైర్లు తట్టుకోలేనంత కరెంటు పారినప్పుడు లోపలి సన్నటి తీగ కరిగి దారి తెంచేస్తుంది. అది కాపాడేది వైరింగ్‌ను. అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు, పాడేరు, లంబసింగి దారుల్లో తిరిగే బళ్లలో ఫ్యూజ్ మాటిమాటికీ పోతుంటే నేరం ముందుగా దాని మీదో, వాన మీదో, బ్యాటరీ మీదో పడుతుంది. అసలు దోషి చాలాసార్లు తోలు ఊడిన ఒక వైరు ముక్క.

అపోహ: 10 ఆంపియర్లది ఆగడం లేదు, 20 వేస్తే సరి.

ఫ్యూజ్ ఆగుతుంది, నిజమే. కాలేది వైరు. 12 వోల్టుల బండిలో 60 వాట్ల హెడ్‌లైటు తీసుకునేది 5 ఆంపియర్లే. కంపెనీ ఇచ్చిన ఫ్యూజ్ మామూలు వాడకానికి పోదు. పోయిందంటే ఎక్కడో కరెంటు అడ్డదారిన బాడీ ఎర్త్‌కు చేరుతోంది. ఎరుపు (10) తీసి పసుపు (20) పెట్టినా, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టినా, రాగి పోగు కట్టినా ఆ అడ్డదారి అలాగే ఉంటుంది. పైగా వైర్ల కట్ట పోయేది పెట్రోలు ట్యాంకు కిందుగా. కొండదారిలో ఇంటికి చేరడానికి చేసిన ఉపాయం అనుకున్నా, ఇంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి లేదు.

అపోహ: వానకు తడిసి ఫ్యూజ్ పోయింది.

12 వోల్టుల దగ్గర ఒట్టి వాననీటి గుండా పారే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. 10 ఆంపియర్ల ఫ్యూజ్‌ను కరిగించడానికి అది ఏ మూలకూ చాలదు. వాన చేసే చెరుపు నిదానంగా ఉంటుంది. కనెక్టర్లలో పచ్చగా చిలుము పడుతుంది, మడ్‌గార్డ్ కింద గడ్డకట్టిన బురద వైర్లను లాగుతుంది. ఫ్యూజ్ కాళ్లకు చిలుము పడితే అక్కడే వేడి పుట్టి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. కాబట్టి పోయిన ఫ్యూజ్‌ను పారేసే ముందు వెలుతురులో చూడాలి. లోపల నల్లగా మసిబారితే గట్టి షార్ట్. తీగ మధ్యలో మసి లేకుండా తెగితే మోయలేని లోడు. కాలి దగ్గర ప్లాస్టిక్ కమిలితే వదులైన సాకెట్టు.

అపోహ: బరువుతో ఘాట్ ఎక్కితే ఇంజిన్ ఎక్కువ కరెంటు లాగుతుంది.

ఎక్కుడు లాగేది పెట్రోలు, బ్యాటరీ కాదు. అయినా ఈ మాటలో సగం నిజం ఉంది. సంతకు కాఫీ గింజలో, పసుపో, రాజ్‌మా బస్తాలో వేసుకుని, వెనక మరో మనిషిని ఎక్కించుకుంటే వెనక షాకబ్జార్లు అణిగిపోతాయి. గుంటలో పడ్డప్పుడల్లా టైరు మడ్‌గార్డ్ లోపలికి తగిలి టెయిల్‌ల్యాంప్ వైరును అరగదీస్తుంది. బరువు దించాక వైరు దూరం జరుగుతుంది, మెకానిక్ దగ్గర అంతా బాగానే ఉంటుంది.

అపోహ: చలికి, లేదా పాత బ్యాటరీ వల్ల పోతుంది.

చలిలో ఫ్యూజ్ కాస్త ఎక్కువే ఓర్చుకుంటుంది. లంబసింగి చలికి బిరుసెక్కి పగిలేది పాత వైర్ల పైతొడుగు. బ్యాటరీ నీరసపడినా ఫ్యూజ్ పోదు. తీగలు తారుమారుగా బిగిస్తే మాత్రం పోతుంది.

ఇక వెతకడం. ఫ్యూజ్ పోయిందన్నదానికన్నా ఎప్పుడు పోయిందన్నదే ముఖ్యం. హ్యాండిల్ తిప్పగానే పోతే హెడ్‌లైటు వెనక, మెడ దగ్గర వైర్లు ఒరుసుకున్నట్టు. బ్రేకు నొక్కగానే అయితే బ్రేక్‌లైటు దారి. తాళం తిప్పకముందే పోతే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. పొగమంచు కోసం తగిలించిన ఫాగ్ లైట్లు, జంట హారన్లు, మొబైల్ చార్జర్ ముందే విప్పి చూడాలి. వాటికి బ్యాటరీ నుంచి విడిగా ఫ్యూజ్, రిలే ఉండాలి.

ఫ్యూజులు తగలేయకుండా వెతికే పాత పద్ధతి ఒకటుంది. హెడ్‌లైటు కనెక్టర్ తీసి, ఫ్యూజ్ స్థానంలో 21 వాట్ల బ్రేక్‌లైటు బల్బు తగిలించాలి. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, దాని గుండా 2 ఆంపియర్లకు మించి పారదు. అప్పుడు వైర్ల కట్టను ముందు నుంచి వెనక్కు కొద్దికొద్దిగా కదుపుతూ పోవాలి. ఎక్కడ కదిపితే బల్బు మసకబారుతుందో లోపం అక్కడుంది. అక్కడ వైరు అతికించి, టేపు చుట్టి, ఇనుముకు దూరంగా కట్టేయాలి.

2020లో బీఎస్-6 వచ్చాక చాలా బళ్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. ఫ్యూజ్ పోతే పెట్రోలు పంపు కూడా ఆగి బండి నడిదారిలో నిలుస్తుంది. ఫ్యూజ్ పెట్టెలో స్పేరు ఒకటి చాలా కంపెనీలు ఇస్తాయి. అది ఉందో లేదో ఘాట్ ఎక్కకముందే, శృంగవరపుకోటలోనే చూసుకోవాలి.