లారీ పత్రాలు – గడువు తేదీలు

మిర్యాలగూడ మిల్లులలో ఆడిన బియ్యం, మేళ్ళచెరువు, మట్టంపల్లి ప్రాంతాలలో తయారైన సిమెంటు దేశంలోని అనేక పట్టణాలకు లారీలలోనే చేరుతున్నాయి. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రింబగళ్ళు లారీల వరుస తెగదు. పెద్దవూర మీదుగా సాగర్ వైపు సాగే దారిలోనూ అవి కనిపిస్తూనే ఉంటాయి. ఆ బండ్లన్నింటిలోనూ డ్రైవరు చేతికి అందేంత దూరంలో ఒక రెగ్జిన్ సంచి ఉంటుంది. దారిలో అధికారి బండి ఆపినప్పుడు మొదట బయటకు వచ్చేది ఆ సంచే. అందులో కాగితాలన్నీ ఉన్నాయి గదా అని డ్రైవరు ధైర్యంగా ఉంటాడు. కాని కాగితం ఉండటం వేరు, అది అమలులో ఉండటం వేరు.

ఈ పత్రాలు మూడు రకాలు. కొన్ని డ్రైవరువి, కొన్ని బండివి, మరికొన్ని సరుకువి. చిక్కంతా ఎక్కడ వస్తుందంటే, వీటిలో ఏ రెండింటి గడువూ ఒకే రోజున ముగియదు.

డ్రైవరు సొంత పత్రం లైసెన్సు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనాలు నడిపే లైసెన్సుకు మొదట మూడేళ్ళ గడువు ఉండేది. 2019 సవరణ దానిని ఐదేళ్ళకు పెంచింది. పెట్రోలు, గ్యాసు వంటి ప్రమాదకర పదార్థాలను తీసుకుపోయేవారికి మాత్రం గడువు మూడేళ్ళే. అదే సవరణ ఇంకొక పని కూడా చేసింది. పూర్వం లైసెన్సు గడువు ముగిసిన తరువాత కూడా 30 రోజులపాటు అది చెల్లేది. ఆ వెసులుబాటు ఇప్పుడు లేదు. పాత అలవాటుతో “ఇంకా నెల రోజులుందిలే” అనుకునే అనుభవజ్ఞులే ఇక్కడ ఎక్కువగా దెబ్బతినే ప్రమాదం ఉంది. గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచే పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవచ్చు. ముగిసిన తరువాత ఏడాది కూడా దాటిపోతే ఎన్నేళ్ళ అనుభవం ఉన్నవారైనా మళ్ళీ డ్రైవింగు పరీక్షకు నిలబడవలసిందే.

ఇక బండి పత్రాలు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఫిట్‌నెస్, పర్మిట్, బీమా, కాలుష్య ధ్రువపత్రం, పన్ను రసీదు వీటిలో ముఖ్యమైనవి. కొత్త లారీకి మొదట రెండేళ్ళ ఫిట్‌నెస్ లభిస్తుంది. ఎనిమిదేళ్ళ వయసు వచ్చేవరకు రెండేళ్ళకొకసారి, ఆ పైన ఏటేటా బండిని తనిఖీకి తీసుకుపోవాలి. జనం ‘బ్రేకు ఇన్స్పెక్టరు’ అని పిలిచే మోటారు వాహనాల తనిఖీ అధికారి బ్రేకులు, లైట్లు, టైర్లు వంటివన్నీ పరిశీలిస్తారు. ఫిట్‌నెస్ లేని రవాణా వాహనానికి చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేనట్లుగానే చట్టం భావిస్తుంది. ఒక కాగితం గడువు ముగిస్తే మరొక కాగితం కూడా విలువ కోల్పోవడం అంటే ఇదే. ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి నెలలతో మొదలయ్యే త్రైమాసిక పన్ను బకాయి పడినా అంతే. ఆ బాకీ తీరనిదే ఫిట్‌నెస్, పర్మిట్ పనులు ముందుకు సాగవు.

అన్నింటిలోకి తికమక పెట్టేది పర్మిట్. మూడు వేల కిలోల లోపు స్థూల బరువు ఉన్న చిన్న సరుకు బండ్లకు దీని అవసరం లేదు. లారీలకు తప్పదు. రాష్ట్ర పర్మిట్ సాధారణంగా ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది. 2014 జూన్ 2కు ముందు కోదాడ నుంచి జగ్గయ్యపేటకు పోయినా, వాడపల్లి వద్ద కృష్ణ దాటి దాచేపల్లికి పోయినా, పెద్దవూర నుంచి సాగర్ దాటి మాచర్లకు పోయినా లారీ ఒకే రాష్ట్రంలో ఉండేది. ఆ తరువాత అవే ఊళ్ళు పొరుగు రాష్ట్రపు ఊళ్ళయ్యాయి. దారి మారలేదు, దూరం పెరగలేదు. అయినా తెలంగాణ రాష్ట్ర పర్మిట్ ఒక్కటే పట్టుకుని ఆ వంతెనలు దాటే వీలు లేదు. పొరుగు రాష్ట్రపు ఆమోద సంతకమో, తాత్కాలిక పర్మిటో, నేషనల్ పర్మిటో కావాలి.

నేషనల్ పర్మిట్‌లో రెండు తేదీలు ఉంటాయని చాలామంది గమనించరు. పర్మిట్ గడువు ఐదేళ్ళు. కాని ఇతర రాష్ట్రాలలో తిరగడానికి ఇచ్చే అధికారపత్రం ఒకసారికి ఏడాదికి మించదు. ఐదేళ్ళ కాగితాన్ని చూసుకుని నిశ్చింతగా బయలుదేరినవారికి, ఏడాది కాగితం ఎప్పుడో ముగిసిందన్న సంగతి పరాయి రాష్ట్రంలో తనిఖీ జరిగినప్పుడు తెలియడం ఎంత ఇబ్బందికరమో ఊహించవచ్చు. మరొక నియమం కూడా ఉంది. నేషనల్ పర్మిట్ ఉన్న తెలంగాణ లారీ గుంటూరులో సరుకు దించి, తిరుగు కిరాయి కోసం అక్కడి లోడును విశాఖపట్నానికి తీసుకుపోరాదు. సొంత రాష్ట్రం కాని చోట, ఒకే రాష్ట్రంలోని రెండు ఊళ్ళ మధ్య సరుకు చేరవేయడం నిషిద్ధం.

ఇన్ని నియమాలు జరిమానాల కోసమేనని అనుకోవడం పొరపాటు. 2018లో సర్వోన్నత న్యాయస్థానం అమృత్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. ప్రమాదం జరిగిన నాటికి ఆ లారీకి బీమా ఉంది. పర్మిట్ మాత్రం లేదు. బాధితులకు బీమా సంస్థ ముందుగా పరిహారం చెల్లించాలనీ, ఆ మొత్తాన్ని లారీ యజమాని నుంచి రాబట్టుకోవచ్చుననీ న్యాయస్థానం తీర్పునిచ్చింది. లక్షల రూపాయల పరిహారం యజమాని మీద పడితే ఒకే బండి ఉన్నవాడు దానిని అమ్ముకోవలసి వస్తుంది. మన ప్రాంతంలో సొంత లారీని తామే నడుపుకునేవారు ఎందరో ఉన్నారు. వారికి బండి పోతే బ్రతుకుతెరువే పోతుంది.

పత్రాలను సకాలంలో పునరుద్ధరించే బాధ్యత ప్రధానంగా యజమానిదే. కాని రోడ్డు మీద నిలబడి సమాధానం చెప్పవలసినవాడు డ్రైవరు. అందుచేత ఇతరుల బండి నడిపే డ్రైవరు లోడు ఎక్కించకముందే పత్రాలు అడిగి చూసుకోవడం అతని హక్కు. దానిని అనుమానంగా భావించే యజమానులు లేకపోలేదు. ఆ భావన సరికాదు.

పూర్వం అసలు కాగితాలు యజమాని ఇంట్లో ఉండేవి, జిరాక్సు ప్రతులు బండిలో తిరిగేవి. 2018లో నిబంధనలు సవరించిన తరువాత డిజిలాకర్, ఎంపరివాహన్ వంటి ప్రభుత్వ యాప్‌లలోని పత్రాలను చూపినా చెల్లుతుంది. చేతిఫోనులో తీసిన ఫొటోకు మాత్రం ఆ విలువ లేదు. సరుకు పత్రమైన ఇ-వే బిల్లు విషయంలో గంటలు కూడా లెక్కే. యాభై వేల రూపాయలు దాటిన పన్ను వర్తించే సరుకుకు ఇది అవసరం. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు. మట్టంపల్లి నుంచి సిమెంటుతో 600 కిలోమీటర్ల దూరం పోయే లారీకి మూడు రోజులు. దారిలో బండి చెడిపోతే గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిసిన ఎనిమిది గంటల లోపు పొడిగింపు కోరవచ్చు. కనుక బండి ఆగిన వెంటనే రవాణా కార్యాలయానికి ఫోను చేయడం డ్రైవరు మరువరాని పని.

రవాణా లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నియమాన్ని 2019లో తొలగించారు. చదువుకోని ఎందరికో దానివల్ల ఉపాధి కలిగింది. అయితే చాలా పత్రాలు నేటికీ ఆంగ్లంలోనే ఉంటాయి. ఇటువంటి ఇళ్ళలో కళాశాలకు పోయే కొడుకో కూతురో చేయగల పని ఒకటుంది. ఒక నోటుపుస్తకంలో పేజీకొక నెల కేటాయించి, ఏ పత్రం ఏ తేదీన ముగుస్తుందో తెలుగులో వ్రాసిపెట్టవచ్చు. ముగిసే తేదీకి నెల ముందు పేజీలో కూడా అదే సంగతి వ్రాయాలి. పర్మిట్ పునరుద్ధరణకు కనీసం 15 రోజుల ముందు దరఖాస్తు చేయాలని చట్టమే చెబుతున్నది. లారీ దూరప్రయాణంలో ఉంటే ఆ పదిహేను రోజులు చాలకపోవచ్చు. నేషనల్ పర్మిట్‌కు మాత్రం రెండు పేజీలలో రెండు తేదీలు వ్రాయాలి.