ఉమ్మడి ఎరుక - గణితానుగమనం: త్రిపురాంతక శాసనం నేపథ్యంలో ఒక పరిశీలన

కీలకపదాలు: ఉమ్మడి ఎరుక, గణితానుగమనం, తర్కసమస్య, పొడుపుకథ, శాసనం, దండోరా.

1. ఉపోద్ఘాతం:

తెలుగు పొడుపుకథలో విప్పవలసింది సాధారణంగా ఒక వస్తువును. దాన్ని పోలికతో మరుగుపరచడం పొడిచేవారి నేర్పు. తర్కసమస్యల్లో ఒక వర్గం ఇందుకు భిన్నమైనది. అక్కడ మరుగున ఉన్నది వస్తువు కాదు, ఎదుటివారికి ఏమి తెలుసునన్న విషయం. ఈ సమస్యలను తెలుగులో బోధించేటప్పుడు ‘అందరికీ తెలుసు’ అన్న మాట చిక్కు తెస్తుంది. దానికి బదులు ‘లోకజ్ఞానం’ అనడం మరీ పొరపాటు. అందుకే ఈ వ్యాసంలో ‘ఉమ్మడి ఎరుక’ అని వాడుతున్నాను. ఒక విషయం అందరికీ తెలియడం, అలా తెలుసునని అందరికీ తెలియడం, ఆ సంగతీ అందరికీ తెలియడం - ఈ వరుసకు అంతం లేకపోవడమే ఉమ్మడి ఎరుక.

2. నుదుటి మసి:

త్రిపురాంతకేశ్వరుని కొండ దిగి వస్తున్న ముగ్గురు పిల్లలను ఊహిద్దాం. దీపాల మసి ముగ్గురి నుదుటా అంటింది. ఎవరి నుదురు వారికి కనిపించదు. తక్కిన ఇద్దరిదీ కనిపిస్తుంది. ఒక పెద్దాయన “మీలో కనీసం ఒకరికి మసి అంటింది. ఎవరి సంగతి వారికి తెలిస్తే చెప్పండి” అంటాడు. ముగ్గురూ ఒకేసారి ‘తెలియదు’ అంటారు. రెండోసారీ అంతే. మూడోసారి ముగ్గురూ ‘నాకు అంటింది’ అంటారు.

మసి ఒక్కరికే ఉంటే, ఆ బిడ్డకు ఎదుట శుభ్రమైన నుదుళ్లే కనిపిస్తాయి కనుక మొదటిసారే చెబుతాడు. ఇద్దరికే ఉంటే, అవతలివాడు మొదటిసారి చెప్పలేకపోవడం చూసి రెండోసారి చెబుతారు. ముగ్గురికైతే మూడోసారి. ఎందరికి మసి ఉంటే అన్నోసారి తేలుతుందన్నది గణితానుగమనం. పది కాకులను చూసి కాకులన్నీ నలుపేనని తేల్చే ఆగమనం వేరు, అది తప్పవచ్చు. పిల్లలందరూ తప్పులేకుండా ఆలోచిస్తారన్నది కూడా ఉమ్మడి ఎరుకే అయినంతవరకు, ఇది తప్పదు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట ఉన్నందువల్ల కలిగే గందరగోళాన్ని మనం అరువు తెచ్చుకోనక్కరలేదు.

లిటిల్‌వుడ్ 1953లో ఈ సమస్యను రైలుపెట్టెలోని ముగ్గురు స్త్రీల కథగా చెప్పాడు. ఉమ్మడి ఎరుకను తాత్వికంగా డేవిడ్ లూయిస్ 1969లోను, గణితపరంగా రాబర్ట్ ఆమన్ 1976లోను నిర్వచించారు.

అసలు చిక్కు వేరే ఉంది. పెద్దాయన చెప్పకముందే ప్రతి బిడ్డకూ రెండు మసి నుదుళ్లు కనిపిస్తున్నాయి. మరి ఆయన కొత్తగా చెప్పిందేమిటి? మొదటివాడు తన నుదురు శుభ్రమనుకుంటే, ఆ ఊహలోని రెండోవాడు తనదీ శుభ్రమేననుకోవచ్చు. అప్పుడు ఆ ఊహలోని మూడోవాడికి మసి నుదురు ఒక్కటీ కనిపించదు. ఈ మూడో మెట్టులోని సందేహాన్నే ఆ బహిరంగ ప్రకటన తొలగించింది.

3. శాసనం, దండోరా:

కాకతీయ అధికారాన్ని ధిక్కరించిన కాయస్థ అంబదేవుడు 1290లో త్రిపురాంతకంలో వేయించిన శాసనం ఆయన విజయాలను ఏకరువు పెడుతుంది. ఆ విజయాలు చుట్టుపక్కల సామంతులకు అప్పటికే తెలిసి ఉండవచ్చు. అయినా శ్రీశైలానికి తూర్పు ద్వారమైన క్షేత్రంలో రాతికెక్కించడం పునరుక్తి కాదు. తనకు తెలిసింది పక్కవాడికీ తెలుసునని ప్రతి సామంతుడూ గుర్తించక తప్పదు. ఎవరి పక్షం వహించాలో తేల్చుకునేవాడికి ఈ గుర్తింపే ముఖ్యం.

అయితే రాయి ఒక్కటే చాలదని నా అభిప్రాయం. చదవగలిగినవారు కొద్దిమంది, పక్కవాడు చదివాడో లేదో చెప్పలేం. పదిమంది ఎదుట చదివి వినిపించినా, దండోరా వేసినా ఆ సందేహం ఉండదు. పెద్దాయన అదే మాటను, మిగతావారికి చెప్పిన సంగతి తెలియనీయకుండా ఒక్కొక్కరి చెవిలో ఊది ఉంటే, ఎన్నిసార్లు అడిగినా పిల్లలు ‘తెలియదు’ అనే అంటారు.